రూఫ్ టెంట్ కొని కుక్కతో గండికోట వెళ్ళొచ్చాం: ఆర్డర్ దగ్గర్నుంచి జరిగింది జరిగినట్టు

బండి టాప్ మీద బిగించి, నిచ్చెనతో ఎక్కి పడుకునే రూఫ్ టెంట్ వేసుకుని కుక్కతో సహా ఊళ్ళు తిరిగేవాళ్ళ వీడియోలు నేనూ చాలానే చూశాను. టెంట్ విప్పడం చూపిస్తారు, పొద్దున్నే కాఫీ కాచుకోవడం చూపిస్తారు. మధ్యలో ఆ కుక్క పైకి ఎలా ఎక్కింది, అర్ధరాత్రి దానికి ఒంటికి వస్తే ఎలా దిగింది అన్నది మాత్రం ఎవరూ చూపించరు. మాకు ఐదు నెలల ఖర్చూ టెన్షనూ అంతా చివరికి ఆ నిచ్చెన దగ్గరే తేలింది కాబట్టి వరసగా రాస్తున్నా, కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

ముందు మా సంగతి. ఉండేది హైదరాబాద్. బండి డస్టర్ డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్, ఏడేళ్ళ పాతది. కుక్క పేరు జాంగ్రి, మా వీధిలో పుట్టిన దేశీ పిల్ల, రంగు చూసి మా ఆవిడ ఆ పేరు పెట్టింది, ఇప్పుడు 19 కిలోలు. దాన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళలేం, తీసుకెళ్దామంటే హోటల్‌కి ఫోన్ చేసి "కుక్క ఉందండీ" అనగానే అవతలి గొంతు మారిపోతుంది. నేల మీద టెంట్ వేద్దామంటే మా ఆవిడకి తేళ్ళ భయం, పాముల భయం. అలా రూఫ్ టెంట్ దగ్గరికి వచ్చాం.

ఆర్డర్ ఇచ్చింది 2024 సెప్టెంబర్ 2న. అంతకుముందు రెండు వారాలు బరువుల లెక్కలతోనే సరిపోయింది. మా బండి మాన్యువల్లో టాప్ మీద 80 కిలోల కంటే పెట్టకూడదని ఉంది, అందులోనే క్యారియర్ బరువు కూడా. చాలామంది ఇది చూడకుండా టెంట్ బరువు ఒక్కటే చూస్తారు. ఫోన్లో మాట్లాడిన ఒకాయన నలుగురు పట్టే టెంట్ 78 కిలోలది అంటగట్టబోయాడు, "ఏం కాదు సార్, అందరూ పెడుతున్నారు" అంటూ. టెంట్ కింద టాప్‌కి అడ్డంగా బిగించే క్రాస్ బార్లు ఆరు కిలోలు వేసుకుంటే అక్కడే దాటిపోయింది. మేం తీసుకున్నది ఇద్దరికి సరిపోయేది, మడత పెట్టే గుడ్డ టెంట్, 52 కిలోలు. 80 కిలోలే మోసే టాప్ మీద ఇద్దరు మనుషులూ కుక్కా ఎలా పడుకుంటారని మా బావమరిది అడిగాడు, అందరూ అడిగే ప్రశ్నే. ఆ 80 బండి కదులుతున్నప్పటి లెక్క. బ్రేక్ వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు, గుంటలో పడ్డప్పుడు పైనున్న బరువు ఒక్కసారిగా లాగుతుంది కదా, దానికోసం పెట్టిన హద్దు. బండి ఆగి ఉన్నప్పుడు ఆ కుదుపులేవీ ఉండవు, బరువు నిలకడగా బార్ల మీదుగా బాడీలోకి దిగుతుంది, దానికితోడు నిచ్చెన కొంత మోస్తుంది, అందుకే ఓర్చుకుంటుంది. అయినా మొదటిరాత్రి పైన ఎవరు పక్కకి దొర్లినా బండి ఊగుతుంటే గుండె ఝల్లుమంటుంది, అది వేరే విషయం.

మూడు వారాల్లో పంపిస్తామన్నారు. మూడు వారాలకి ఫోన్ చేస్తే గుడ్డ రాలేదన్నారు, దసరాకి ఫోన్ చేస్తే కుట్టేవాళ్ళు సెలవులో ఉన్నారన్నారు, దీపావళి అయ్యాక ఫోన్ ఎత్తడం తగ్గించారు. డబ్బు సగం ముందే కట్టి ఉన్నాం. నవంబర్ 8న పార్సిల్ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది, సరుకు వచ్చింది, మీరే తీసుకెళ్ళాలి అని. ఇంటికి తెస్తారనుకున్న పెట్టె గోడౌన్‌లో పడుంది. ట్రాలీ ఆటో మాట్లాడుకుని, హమాలీ ఇచ్చి, ఇంటిదాకా తెచ్చేసరికి ఇంకో వెయ్యి రూపాయలు. ఆ పెట్టె పట్టుకుని దింపేటప్పుడే తెలిసింది 52 కిలోలంటే ఏమిటో. బస్తా అయితే భుజాన వేసుకోవచ్చు, ఇది తలుపంత వెడల్పు, పట్టు దొరకదు.

బిగించడానికి నలుగురు కావాలి, ఇద్దరితో అయ్యేపని కాదు, కచ్చితంగా చెప్తున్నా. వాచ్‌మన్, పై ఫ్లోర్ అన్నయ్య, ఆయన కొడుకు, నేను. ఎత్తి పెట్టడం ఐదు నిమిషాలు, బోల్టులు బిగించడం రెండు గంటలు, ఎందుకంటే బోల్టు తలలు టెంట్ అడుగున గాడిలో ఉంటాయి, స్పానర్ పావు వంతు తిరిగితే బారుకి తగులుతుంది. రాట్చెట్ ఉన్న, అంటే ప్రతిసారీ తీసి పెట్టకుండా తిప్పుకోగలిగే 13 నంబర్ స్పానర్ ఉంటే సగం సమయం మిగులుతుంది. ఒక యాభై కిలోమీటర్లు నడిపాక మళ్ళీ చూసుకోండి, మాకు నాలుగింటిలో రెండు కొద్దిగా వదులయ్యాయి.

అసలు తమాషా సెల్లార్‌లో జరిగింది. టెంట్‌తో కలిపి బండి ఎత్తు రెండు మీటర్ల మీద నాలుగు సెంటీమీటర్లు. మా సెల్లార్ ముందు 2.1 మీటర్లు అని బోర్డు ఉంది, సరిపోతుందిలే అనుకున్నాం. కానీ బీము కింద ఎప్పుడో వేసిన డ్రైనేజీ పైపు వేలాడుతోంది, బోర్డు రాసినవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మా ఆవిడ ముందు నిలబడి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది కాబట్టి బతికిపోయాం. ఆ రోజు నుంచి బండి గేటు బయట రోడ్డు మీదే. అసోసియేషన్ గ్రూపులో ఫొటో కూడా పెట్టారు, "ఇది ఎవరి కమర్షియల్ వెహికల్?" అని. మాల్ పార్కింగులకి వెళ్ళడం కూడా మానేశాం. డాష్‌బోర్డు మీద ఎత్తు రాసి ఒక చీటీ అంటించుకున్నాను, మీరూ అంటించుకోండి.

పోలీసులు పట్టుకుంటారా అని చాలామంది అడిగారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో, అనుమతి లేకుండా బండికి మార్పులు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది. మాది కంపెనీ ఇచ్చిన రూఫ్ రెయిల్స్ మీద బార్లు, వాటి మీద టెంట్, అంతా విప్పేస్తే బండి మళ్ళీ మామూలే, ఎక్కడా కొయ్యలేదు, వెల్డింగ్ చెయ్యలేదు. అది మార్పా కాదా అన్నది రోడ్డు మీద మనల్ని ఆపినాయన ఆ పూట ఎలా అనుకుంటే అలా. మాకు ఏం జరిగిందో కింద చెప్తాను.

ఇక జాంగ్రి. నవంబర్‌లో మిగిలిన రోజులు, డిసెంబర్ సగం దీనికే పోయింది. ఆదివారం పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు టెంట్ విప్పడం, నిచ్చెన దింపడం, పై మెట్టు మీద ఉడికించిన గుడ్డు ముక్క పెట్టడం. నిచ్చెన అల్యూమినియం గొట్టాలది, మెట్టు బొటనవేలంత మందం, జాంగ్రి పంజా జారి మధ్యలోకి దిగబడుతోంది. మెట్లకి కొబ్బరి తాడు చుట్టాను, నాలుగు మెట్లు ఎక్కింది. పైదాకా ఎక్కడం నేర్చుకునేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది. దిగడం మాత్రం ససేమిరా. కుక్కకి కిందికి దిగే నిచ్చెన అర్థం కాదు, తల ముందు పెట్టే దిగాలనుకుంటుంది, అంటే దూకడమే. ఆరడుగుల మీంచి దూకితే ముందుకాళ్ళు పోతాయి అని వెటర్నరీ డాక్టర్ గట్టిగా చెప్పారు.

చివరికి తేలిందేమంటే ఎక్కడానికైనా దిగడానికైనా ఎత్తుకోవడమే. వీపు మీద పిడి ఉన్న హార్నెస్ కొన్నాం, పొట్ట కింద వెడల్పు పట్టీ ఉన్నది, మెడపట్టీతో ఎత్తితే ఊపిరాడదు కాబట్టి ఇది తప్పనిసరి. నేను కింద నిచ్చెన మీద మూడో మెట్టు దగ్గర, జాంగ్రి నా కుడి భుజం మీద బోర్లా, మా ఆవిడ పైన మోకాళ్ళ మీద కూర్చుని పిడి పట్టుకుంటుంది. మొదటిసారి అలా ఎత్తినప్పుడు దాని గుండె నా చెవి పక్కనే దడదడా కొట్టుకోవడం వినిపించింది, వెనకకాళ్ళ గోళ్ళు నా చొక్కాలోంచి వీపులో దిగాయి, అయినా కిక్కురుమనలేదు, పైకి చేరాక మాత్రం నా మొహం అంతా నాకింది. 19 కిలోలు కాబట్టి సరిపోయింది. 30 కిలోల లాబ్రడార్ ఉన్నవాళ్ళు టెంట్ బుక్ చేసేముందు ఒకసారి పెరట్లో నిచ్చెన వేసి దాన్ని భుజాన వేసుకుని నాలుగు మెట్లు ఎక్కి చూడండి, మిగతా రివ్యూలన్నీ తర్వాత చదువుకోవచ్చు.

రాత్రి పడుకుని చూసింది సంక్రాంతికి, మిర్యాలగూడ దగ్గర మా ఊళ్ళో. జనవరి 12 రాత్రి వాకిట్లో వేశాం. అమ్మ నిచ్చెన చూసి, "నాలుగు గదుల ఇల్లు పెట్టుకుని బండెక్కి పడుకునేదేంట్రా, ఊరంతా నవ్వుతారు" అంది, నిజంగానే బాబాయి వాళ్ళ పిల్లలు తప్ప మిగతా అందరూ నవ్వారు. తెల్లవారుజామున భోగిమంట వేస్తారు కదా, మూడున్నరకే లేచి బండిని వీధి చివరికి జరుపుకోవాల్సి వచ్చింది, ఒక్క నిప్పురవ్వ పడితే ఆ గుడ్డకి చిల్లే. టెంట్ ముడవకుండా బండి కదల్చకూడదు, ముడవడానికి పావుగంట, చలిలో, కుక్కని కట్టేసి. ఇది ఏ వీడియోలోనూ చెప్పలేదు: రూఫ్ టెంట్ విప్పాక బండి ఇక మీ చేతిలో లేనట్టే. పాల ప్యాకెట్ కావాలన్నా నడిచే వెళ్ళాలి.

ఆ పూట తెలిసిన ఇంకో సంగతి తడి. పొద్దున పరుపు ఎత్తి చూస్తే అడుగున ప్లైవుడ్ మీద నీటిచుక్కలు, పరుపు కింది గుడ్డ తడిసి ముద్ద. వాన లేదు, కారలేదు. మన ఊపిరి, కుక్క ఊపిరి, కింద చల్లటి చెక్క, అంతే. పరుపు కింద గాలి ఆడేలా పెట్టే జాలీ చాప దొరుకుతుంది, 1,800 పెట్టి తెప్పించాం, ఎంత చలైనా రెండు కిటికీలు నాలుగు వేళ్ళంత తెరిచి పెట్టడం మొదలుపెట్టాం. చాలావరకు తగ్గింది.

ఎక్కడికి వెళ్ళాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నాకు నల్లమల ఇష్టం. కానీ అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, మన్ననూరు దగ్గర చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, అడవిలో ఎక్కడపడితే అక్కడ బండి ఆపి పడుకునే మాటే లేదు. పైగా చిరుతకి కుక్కంటే మహా ఇష్టం, నేను టెంట్‌లో ఉన్నా ఆ వాసనకి రాకుండా ఉండదు. కుక్క ఉన్నవాళ్ళు అడవి అంచులు మానుకుంటేనే మంచిది. గండికోట అనుకున్నాం.

జనవరి 31, శుక్రవారం, పొద్దున 5 గంటలకి బయల్దేరాం. షాద్‌నగర్ దాటాక ఆపారు. "పైన ఏంది సార్ అది?" అన్నాడు కానిస్టేబుల్. టెంట్ అన్నాను, నమ్మలేదు, జిప్పు కొంచెం తీసి చూపించాను. ఈలోగా జాంగ్రి కిటికీలోంచి తల బయటపెట్టింది. "కుక్క కూడా పైనే పంటదా?" అని నవ్వి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ చూసి పంపేశాడు. ఫైన్ లేదు. ఇంకోచోట ఇలాగే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను.

డీజిల్ పుల్లూరు చెక్‌పోస్ట్ దాటకముందే ఫుల్ చేసుకోండి, ఏపీలో లీటరు మీద రూపాయో రెండో ఎక్కువ. మైలేజీ మాకు హైవే మీద 16 వచ్చేది 13 చిల్లరకి పడిపోయింది, 80 దాటితే గాలి రొద మొదలవుతుంది, 100 దగ్గర మాట్లాడుకోలేం. కర్నూలులో ఉగ్గాణి బజ్జీ తిన్నాం, జాంగ్రికి ఇడ్లీ. ప్రతి రెండు గంటలకీ దానికోసం ఆపాల్సిందే. బనగానపల్లె దాటాక రోడ్డు పక్కన నాపరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి, ఒక కొట్టు దగ్గర ఆగి పనికిరాని ముక్కలు నాలుగు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. ఎందుకో చెప్తా.

జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఏపీ టూరిజం హరిత హోటల్ ఉంది, టెంట్లు అద్దెకిచ్చే లోకల్ కుర్రాళ్ళూ ఉన్నారు. మేం కోట బయట ఒక పెద్దాయన పొలంలో అడిగాం, బండికి రాత్రికి 400, బాత్రూమ్ వాడుకోవచ్చు, బోరు నీళ్ళు. ఆయన మేం కుక్కని ఎక్కించడం చూసి, "ఏం సామీ, దాన్ని గూడా పైకెక్కిస్తిరే!" అని తన ఇంట్లోవాళ్ళందర్నీ పిలిచి చూపించాడు.

ఇప్పుడు నాపరాళ్ళ సంగతి. బండి సమంగా లేకపోతే రాత్రంతా ఒకరిమీదికి ఒకరు జారుతుంటారు. ఫోన్‌లో లెవెల్ చూసుకుని, పల్లంగా ఉన్న చక్రం ముందు నాపరాయి ముక్కలు ఒకటో రెండో పేర్చి దాని మీదికి ఎక్కించాను. పలచగా, చదునుగా ఉంటాయి, జారవు. ఇందుకోసం ప్లాస్టిక్ ర్యాంపులు నాలుగు వేలకి అమ్ముతున్నారు.

లోయ అంచుకి మేం వంద గజాల దూరంలో ఉన్నాం, అయినా రాత్రి పదకొండు తర్వాత పెన్నా లోయలోంచి గాలి లేచింది. పైకప్పు మీద వేసే వాన గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే జాంగ్రి లేచి కూర్చుని ప్రతి చప్పుడికీ మొరగడం. అది మొరిగితే ఊళ్ళో కుక్కలు అందుకున్నాయి, కాసేపటికి ఆరో ఏడో వచ్చి బండి చుట్టూ చేరాయి, కింద అవీ పైన ఇదీ. మా ఆవిడ నోరు మూసుకుని నవ్వుతోంది, నాకు మాత్రం పెద్దాయన ఏమనుకుంటాడో అని టెన్షన్. వాన గుడ్డ విప్పేసి తాళ్ళు బిగించాక చప్పుడు సగం తగ్గింది, కుక్కలు వాటంతటవే పోయాయి. రెండు దాటాక జాంగ్రికి ఒంటికి వచ్చింది. భుజాన వేసుకుని దింపాను, టార్చ్ వెయ్యకుండా కాలు కింద పెట్టకండి, ఆ రాళ్ళ నేలలో చిన్న పింజర్లు తిరుగుతాయి. జాంగ్రి నాలుగడుగులు వేసి ఆగిపోయి ముందుకాలు ఎత్తి పట్టుకుంది. పల్లేరుకాయలు. నాలుగు పంజాల్లోనూ. నిచ్చెన కింద కూర్చుని నోట్లో టార్చ్ పెట్టుకుని ఒక్కొక్కటీ పీకాను, ఆఖరిది వేళ్ళ మధ్య వెంట్రుకల్లో చిక్కుకుని విరిగిపోయింది, ట్వీజర్‌తో తీశాను. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో మా ఇద్దరికోసం పెట్టిన మందులేవీ వాడలేదు, ఆ ట్వీజర్ మాత్రం రోజుకి మూడుసార్లు తీశాం. రెండోరోజు నుంచి నిచ్చెన దగ్గర పాత దుప్పటి పరిచాం, పైకి ఎక్కించేముందు పంజాలు తుడిచి చూడటం, చెవుల వెనక గోమార్లు ఉన్నాయేమో వెతకడం.

పొద్దున లోయ చూశాం, దాని గురించి అందరూ రాశారు కాబట్టి వదిలేస్తున్నా. అంచున రెయిలింగ్ లేదు, లీష్ చేతికి రెండు చుట్లు చుట్టుకుని పట్టుకున్నాను. కోట లోపల మాధవరాయ గుడి దగ్గర కుక్కని తీసుకెళ్ళొద్దన్నారు, సరే అన్నాం, అదే సమయానికి లోపల మండపం నీడలో ఊరికుక్క ఒకటి కాళ్ళు చాపుకుని పడుకుని మావైపు చూస్తోంది. శనివారం మధ్యాహ్నం బెలుం గుహలకి వెళ్ళాం. అక్కడా కుక్కకి ప్రవేశం లేదు, బండిలో వదిలి వెళ్ళే ప్రసక్తే లేదు, ఫిబ్రవరి ఎండకే అద్దాలు మూసిన బండి పొయ్యైపోతుంది. నేను చెట్టు కింద కూర్చుంటే మా ఆవిడ వెళ్ళొచ్చింది, తర్వాత నేను. టికెట్లు రెండే కానీ సమయం రెట్టింపు, ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు ఇది వేసుకోండి. ఆ గుహల కోసం టెంట్ అంతా ముడిచి, వచ్చాక మళ్ళీ విప్పాం కూడా.

ఆదివారం రాత్రి ఇంటికి చేరాం. డీజిల్, టోల్స్ కలిపి ఆరున్నర వేల లోపు, పెద్దాయనకి 800, తిండి వేరే. అంతకుముందు పెట్టింది: టెంట్ 86 వేలు, పార్సిల్ ఛార్జీ 2,900, బార్లు 13,500, హార్నెస్ 2,200. ట్రాలీ ఆటో వెయ్యి, జాలీ చాప 1,800 కూడా కలిపితే బయటికి కదలకముందే లక్షా ఏడు వేలు దాటింది. తిరిగొచ్చాక టెంట్ రెండు పూటలు ఎండలో విప్పి ఆరబెట్టాలి, అపార్ట్‌మెంట్ బయట రోడ్డు మీద ఆరబెడితే మళ్ళీ గ్రూపులో ఫొటో. పరుపులోంచి పల్లేరుకాయలు ఇప్పటికీ వస్తున్నాయి.

మార్చిలో ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి బండి ఫొటోలు అడిగారు. పైన ఉన్నదేంటో రాతపూర్వకంగా చెప్పమన్నారు. దించి ఫొటోలు తీద్దామంటే మళ్ళీ నలుగురు కావాలి, పై ఫ్లోర్ అన్నయ్య ఊళ్ళో లేడు, పది రోజులు ఆగాల్సి వచ్చింది. ఎలాగూ దించాం కదా అని బార్ల కింద రుద్దుకుపోయిన పెయింట్ చూపించుకున్నాం, ఇద్దరు మెకానిక్‌లు రెండు రేట్లు చెప్పారు. నా వీపు సంగతి చూసి మా ఆవిడ కుక్కకి ర్యాంపు చేయించమంటోంది. బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేటర్ అల్యూమినియంతో, మడిచేది, రబ్బర్ మ్యాట్ అంటించి 4,500 అన్నాడు. తొమ్మిదడుగులు ఉంటేనే జాంగ్రి ఎక్కేంత ఏటవాలు వస్తుందట, అది బండిలో ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.